ఐదు వేల ఏళ్ల చరిత్రకు ఒకే నటబృందం

రాముడూ టిప్పు సుల్తానూ ఒకే నటుడు. అశోకుడూ ఔరంగజేబూ మరో నటుడు. తిరుమలగిరిలో పుట్టిన దర్శకుడొకరు 1988లో దూరదర్శన్ కోసం తీసిన 'భారత్ ఏక్ ఖోజ్' వెనక ఎవరెవరున్నారు? వాళ్ల పనిలో ఈనాటి టీవీ నేర్చుకోవలసింది ఏముంది?

ఓ వారం ఆయన కళింగను గెలిచి కుమిలిపోయిన అశోకుడు. మరికొన్ని వారాలకు చిత్తోడ్ కోట మీద కన్నేసిన అల్లావుద్దీన్ ఖిల్జీ. ఇంకొన్ని వారాలు గడిచేసరికి మొగల్ సింహాసనం మీద ఔరంగజేబు. ముగ్గురూ ఓం పురీయే. పైగా తెర వెనక నుంచి కథ నడిపించే గొంతు కూడా ఆయనదే.

ఇప్పటి టీవీలో ఇలాంటి పనికి ఎవరూ సాహసించరు. ఒక నటుడికి ఒకే పాత్ర, ఆ పాత్రకో కిరీటం, కిరీటం కనిపించినప్పుడల్లా దద్దరిల్లే నేపథ్య సంగీతం. ఏడాదిపాటు అదే ముఖం చూసి చూసి ప్రేక్షకుడు ఆ మనిషినే ఆ రాజు అనుకోవాలి. శ్యామ్ బెనెగల్ సరిగ్గా దీనికి ఎదురు వెళ్లారు. 53 భాగాల్లో సింధు లోయ నాగరికత నుంచి స్వాతంత్ర్యం దాకా సాగిన సీరియల్‌ను ఒక నటబృందం చేతిలో పెట్టి, వారం వారం వేషాలు మార్పించారు. మన సురభి నాటక సమాజంలో నిన్న కృష్ణుడు కట్టిన కుర్రాడు నేడు ద్వారపాలకుడిగా నిలబడ్డట్టు, ఇక్కడా నటుడు పెద్దా చిన్నా చూసుకోలేదు. కథకు ఏది కావాలో అదే కట్టాడు.

చారిత్రక సీరియల్‌ని నిలబెట్టేది కోటలూ కిరీటాలూ కాదు, చదువుకున్న బృందం. 'భారత్ ఏక్ ఖోజ్' నటులనూ సాంకేతిక నిపుణులనూ ఒక్కొక్కరినే పలకరిస్తూ వెళితే ఈ మాట ఎందుకంటున్నామో అర్థమవుతుంది.

కోటగోడల మధ్య పుట్టిన పుస్తకం

ఈ సీరియల్‌కు మూలం జవహర్‌లాల్ నెహ్రూ రాసిన 'డిస్కవరీ ఆఫ్ ఇండియా'. క్విట్ ఇండియా ఉద్యమం మొదలైన 1942 ఆగస్టులో కాంగ్రెస్ కార్యవర్గాన్ని బ్రిటిష్ ప్రభుత్వం అహమ్మద్‌నగర్ కోటలో బంధించింది. అక్కడే 1944లో, దాదాపు అయిదు నెలల్లో నెహ్రూ ఈ పుస్తకం రాశారు. 1946లో అచ్చయింది. ఆ కోటలో పటేల్, ఆజాద్‌లతో పాటు మన భోగరాజు పట్టాభి సీతారామయ్య కూడా ఉన్నారు. తన పుస్తకాన్ని నెహ్రూ ఆ తోటి ఖైదీలకే అంకితమిచ్చారు.

నెహ్రూ శతజయంతి వేడుకలకు దేశం సిద్ధమవుతున్న వేళ, 1988 నవంబరులో సీరియల్ ప్రసారం మొదలైంది. అప్పటికి బుల్లితెర మీద పురాణాలదే రాజ్యం. రామానంద్ సాగర్ 'రామాయణ్' అదే ఏడాది జులైలో ముగిసింది. అక్టోబరు 2న బి.ఆర్. చోప్రా 'మహాభారత్' మొదలైంది. ఆ రెండింటి హోరులో, కథానాయకుడంటూ ఎవరూ లేని, ప్రశ్నలతో నడిచే సీరియల్‌ని జనం ముందుకు తేవడం తేలిక సంగతి కాదు.

పైగా మూలగ్రంథం నవల కాదు. అందులో సంఘటనల కంటే ఆలోచనలే ఎక్కువ. ఒక మనిషి జైల్లో కూర్చుని తన దేశం గురించి తనతో తాను మాట్లాడుకోవడాన్ని దృశ్యంగా మార్చాలి. అక్కడే దర్శకుడి తెలివి పనికొచ్చింది. నెహ్రూ తెర మీదికి వచ్చి నేరుగా మనతో మాట్లాడతాడు. సూత్రధారి గొంతు కాలాన్నీ సందర్భాన్నీ చెబుతుంది. ఆ తర్వాత నాటకం మొదలవుతుంది. ఈ మూడూ అల్లుకుంటూ వెళ్లడమే సీరియల్ నిర్మాణం.

తిరుమలగిరి నుంచి బొంబాయికి

బెనెగల్ 1934 డిసెంబరు 14న సికింద్రాబాద్ పక్కన తిరుమలగిరిలో పుట్టారు. కర్ణాటక మూలాలున్న తండ్రి ఫొటోగ్రాఫర్. ఉస్మానియాలో అర్థశాస్త్రం చదువుకుంటూనే హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీని నెలకొల్పారు. బొంబాయి వెళ్లి ప్రకటనల రంగంలో ఏళ్ల తరబడి పనిచేశాక, 1974లో తెలంగాణ పల్లె కథతో 'అంకుర్' తీశారు. ఆయన చూపు మళ్లీ మళ్లీ ఇటే తిరిగింది. 1978లో వాణిశ్రీ, అనంత్ నాగ్‌లతో తెలుగులో 'అనుగ్రహం' తీశారు. 1987లో వచ్చిన 'సుస్మన్' పోచంపల్లి చేనేత కార్మికుల కథ. అందులో నేతగాడు రాములుగా కనిపించింది ఓం పురీయే.

చరిత్ర సీరియల్‌కు ఆయన చేతులూపుకుంటూ రాలేదు. నెహ్రూ మీద సోవియట్ భాగస్వామ్యంతో ఒక డాక్యుమెంటరీ అప్పటికే తీసి ఉన్నారు. కన్యాకుమారి నుంచి జమ్ము దాకా సాగే రైలు ప్రయాణం మీద 1986లో 'యాత్ర' సీరియల్ తీసి, టీవీ పని వేగం ఎలా ఉంటుందో రుచి చూశారు. అన్నిటికన్నా ముఖ్యం, 'అంకుర్' నాటి నుంచి ఆయన వెంట నడిచిన మనుషులున్నారు. సంగీతం ఎవరిది, కళ ఎవరిది అని వెతుక్కోవలసిన పనిలేదు. పదిహేనేళ్లుగా కూడుతూ వచ్చిన జట్టు అది.

తెర మీద నెహ్రూ, తెర వెనక ఓం పురి

నెహ్రూగా రోషన్ సేఠ్ ఎంపిక గురించి చెప్పుకుని తీరాలి. ఇంగ్లండులో నటన నేర్చి, అవకాశాలు సరిగా రాక విసిగి, 1970లలో భారత్ తిరిగొచ్చి ఢిల్లీలో పత్రికా సంపాదకత్వంలో పడిన మనిషి ఆయన. రిచర్డ్ అటెన్‌బరో 'గాంధీ' సినిమాలో నెహ్రూ పాత్ర ఆయన్ను మళ్లీ నటనలోకి లాగింది. 1982లో విడుదలైన ఆ చిత్రంతో ఆ ముఖం ప్రపంచానికి నెహ్రూ ముఖమైపోయింది. అయితే సినిమాలో నెహ్రూ గాంధీ పక్కన నిలబడే మనిషి. బెనెగల్ సీరియల్‌లో ఆయన ఒంటరి. ఎదురుగా మరో నటుడు ఉండడు, కెమెరా ఒక్కటే. వారం వారం వచ్చి, వందల ఏళ్ల సంగతులను ఉపన్యాసంలా కాకుండా అప్పుడే తట్టిన ఆలోచనలా చెప్పాలి. సేఠ్ ఆ మాటల మధ్య ఆగే తీరు చూడండి. తనకే సందేహం ఉన్నచోట ఆయన గొంతు తగ్గుతుంది.

ఇక ఓం పురి. అంబాలాలో పుట్టి, నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో నేర్చి, బెనెగల్ 'ఆరోహణ్' చిత్రానికి జాతీయ ఉత్తమ నటుడైన ఆయనది గరగరలాడే గొంతు. రాజు వేషానికి కావలసిన అందగాడి ముఖం కాదని సినిమావాళ్లు పక్కన పెట్టగల రూపం. అదే ఇక్కడ బలమైంది. ముఖం మీద అలంకారం లేదు కాబట్టి ఏ కాలాన్నయినా రాసుకోవచ్చు. ఈ ఓం పురిని తెలుగువాళ్లు ఉమామహేశ్వరరావు 'అంకురం'లోనూ, రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి'లోనూ చూశారు.

ఓం పురి ఔరంగజేబైతే, శివాజీ ఎవరు? డ్రామా స్కూల్లో ఆయన సహాధ్యాయి నసీరుద్దీన్ షా. మరాఠా వీరుడి పాత్రను కండలతోనూ కేకలతోనూ కాక కళ్లతో, ఆలోచనతో నడిపించారు షా. మొగల్ పాదుషా అక్బర్‌గా కుల్‌భూషణ్ ఖర్బందా. 'షాన్'లో బట్టతల విలన్ షాకాల్‌గా జనం గుర్తుపెట్టుకున్న నటుడికి, మతాల సారం వెతుక్కునే చక్రవర్తి పాత్ర ఇవ్వడంలోనే బెనెగల్ ధైర్యం కనిపిస్తుంది. మహాత్మా ఫూలేగా సదాశివ్ అమ్రాపుర్కర్ కూడా అంతే. హిందీ సినిమా ఆయన్ను అప్పటికే క్రూర ప్రతినాయకుడిని చేసి పెట్టింది.

అందరిలోకీ విచిత్రమైన వరస సలీం గౌస్‌ది. మద్రాసులో పుట్టిన ఈ నటుడు ఇందులో రాముడు, కృష్ణుడు, టిప్పు సుల్తాన్. తర్వాతి రోజుల్లో మణిరత్నం 'దొంగ దొంగ'లో ఆయన్ను ప్రతినాయకుడిగా చూసి జడుసుకున్న తెలుగు ప్రేక్షకుల్లో, ఈయనే ఒకప్పుడు రాముడని తెలిసినవాళ్లు తక్కువ. 2022 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు. ఇంకా పేరు రాని రోజుల్లో ఇర్ఫాన్ ఖాన్ కూడా ఈ సీరియల్‌లో చిన్నా చితకా వేషాలు వేశారు. పల్లవి జోషి, మీతా వశిష్ఠ్, ఇలా అరుణ్, తర్వాత గాయకుడిగా పేరు తెచ్చుకున్న లక్కీ అలీ కూడా ఆ పేర్ల పట్టికలో కనిపిస్తారు.

హారతులు లేని రాముడు

నటులను ఇలా తిప్పడం వెనక ఖర్చు, సమయం లెక్కలు ఉండే ఉంటాయి. కానీ ఫలితం లెక్కలను దాటింది. 'రామాయణ్'లో సీతగా వేసిన దీపికా చిఖలియా, రావణుడిగా వేసిన అరవింద్ త్రివేది ఇద్దరూ 1991లో లోక్‌సభకు గెలిచారు. 'మహాభారత్' కృష్ణుడు నితీశ్ భరద్వాజ్ 1996లో గెలిచారు. రాముడు అరుణ్ గోవిల్ 2024లో మేరఠ్ ఎంపీ అయ్యారు. పాత్ర మనిషికి అతుక్కుపోతే అంత బలం వస్తుంది.

'భారత్ ఏక్ ఖోజ్' నటులకు ఆ యోగం పట్టలేదు, పట్టే వీలూ లేదు. నిన్న రాముడిగా చూసిన ముఖాన్ని రేపు శ్రీరంగపట్నం కోటలో తురక తలపాగాతో చూసిన ప్రేక్షకుడు మొక్కడు, ఆలోచిస్తాడు. ఇది వేషం అన్న ఎరుక అతణ్ని వదలదు. రాజులు మారినా పాలించే ఆశ, ఓడిన బాధ, అధికారపు ఒంటరితనం అవే కదా అన్న అనుమానం మెల్లగా లోపలికి దిగుతుంది. చరిత్ర చదవడానికి కావలసింది ఆ కాస్త దూరమే.

వెలుగు, గోడ, పాట

కెమెరా పట్టింది వి.కె. మూర్తి. ఈ పేరు వినగానే గురుదత్ గుర్తొస్తాడు. భారతదేశపు తొలి సినిమాస్కోప్ చిత్రం 'కాగజ్ కే ఫూల్'లో పెద్ద అద్దాలతో ఎండను స్టూడియోలోకి మళ్లించి, చీకట్లో వెలుగు స్తంభాన్ని నిలబెట్టిన ఛాయాగ్రాహకుడు. బెనెగల్‌కు గురుదత్ బంధువు కూడా. మైసూరు ప్రాంతం నుంచి వచ్చి, స్వాతంత్ర్య పోరాటంలో జైలు చూసి, అరవై అయిదేళ్ల వయసులో మూర్తి ఈ సీరియల్‌కు పనిచేశారు. సినిమాస్కోప్ తెర నిండా వెలుగునీడలు పరిచిన చేతికి, ఆనాటి డబ్బా టీవీ పలక ఎంత? అయినా దీపం వెలుగులో ముఖాన్ని సగం చీకట్లో వదిలే ఆ పద్ధతిని ఆయన మానలేదు. 2008 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం మూర్తికి దక్కింది. ఒక ఛాయాగ్రాహకుడికి ఆ గౌరవం రావడం అదే మొదటిసారి. 2005 సంవత్సరానికి అదే పురస్కారం బెనెగల్‌ది. ఒక టీవీ సీరియల్ పేర్ల పట్టికలో ఇద్దరు ఫాల్కే గ్రహీతలన్నమాట.

కళా దర్శకుడు నితీశ్ రాయ్. ఈ సీరియల్ కోసం ఆయన 144 సెట్లు వేశారు. లెక్క చూస్తే భాగానికి దగ్గర దగ్గర మూడు. వేదకాలపు పర్ణశాల నుంచి ఈస్టిండియా కంపెనీ కచేరీ దాకా అన్నీ కట్టాలి, కూల్చాలి, మళ్లీ కట్టాలి. డబ్బు పోసి మహళ్లు లేపే వీలు లేదు. అందుకే చాలాచోట్ల ఒక స్తంభం, ఒక తెర, ఒక మెట్ల వరస మాత్రమే కనిపిస్తాయి. మిగతాది మన ఊహకు వదిలేశారు. హైదరాబాద్ శివార్లలో 1996లో తెరుచుకున్న రామోజీ ఫిల్మ్ సిటీకి రూపకల్పన చేసింది ఈ నితీశ్ రాయే. ఆయనకు సహాయకుడిగా ఉన్న సమీర్ చందా తర్వాత మణిరత్నం 'దిల్ సే'కు కళా దర్శకత్వం వహించారు.

సంగీతం వన్‌రాజ్ భాటియా. లండన్‌లో పాశ్చాత్య సంగీతం చదివి, పారిస్‌లో నాదియా బులాంజే దగ్గర శిష్యరికం చేసి, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, ఆపై ప్రకటనలకు బాణీలు కట్టిన మనిషి. 'లిరిల్' సబ్బు పాట ఆయనదే. అంత విచిత్రమైన ప్రయాణం చేసినవాడే వేదమంత్రాన్ని బృందగానంగా మార్చగలిగాడు. సీరియల్ ఆరంభంలో వినిపించే నాసదీయ సూక్తం ఋగ్వేదం పదో మండలంలోది. సృష్టికి ముందు ఏముందో ఎవరికి తెలుసని అడిగి, దానికి జవాబు చెప్పకుండా వదిలేసే సూక్తం. ముందు సంస్కృతం, వెంటనే వసంత్ దేవ్ హిందీ అనువాదం. చరిత్ర సీరియల్ దేశభక్తి గీతంతో కాక ఒక సందేహంతో మొదలు కావడం అప్పటికే కాదు, ఇప్పటికీ అరుదే.

చదివి రాసినవాళ్లు

రచనా బృందానికి పెద్ద దిక్కు శమా జైదీ. 'గరమ్ హవా' స్క్రీన్‌ప్లేలో భాగస్వామి, సత్యజిత్ రే 'శత్రంజ్ కే ఖిలాడీ'కి దుస్తులు రూపొందించిన కళాకారిణి. అంటే ఒక కాలపు మాటా తెలుసు, బట్టా తెలుసు. ఆమెతో పాటు అతుల్ తివారీ, నాటకరంగం నుంచి సునీల్ శాన్‌బాగ్, మరాఠీ హిందీల మధ్య వంతెనలా నిలిచిన వసంత్ దేవ్. 'సారాంశ్' పాటలకు జాతీయ పురస్కారం పొందిన కవి దేవ్.

వీళ్లు చేసిన గొప్ప పని ఒకటుంది. చరిత్రకు ఆధారం దొరికిన చోట చరిత్ర చెప్పారు. కావ్యం మాత్రమే దొరికిన చోట, ఇది కావ్యం అని చెప్పి మరీ చూపించారు. 'శిలప్పదికారం', 'శాకుంతలం', 'పృథ్వీరాజ్ రాసో', జాయసీ 'పద్మావత్' ఇలాగే వచ్చాయి. మహాభారతం దగ్గరికి వచ్చేసరికి ఛత్తీస్‌గఢ్ పండవానీ గాయని తీజన్ బాయిని తెర మీదికి తెచ్చారు. తంబూరా పట్టుకుని ఆమె కథ చెబుతుంటే, పురాణం పండితుల సొత్తు కాదని వేరే వ్యాఖ్యానం అక్కర్లేకుండానే అర్థమవుతుంది.

ఈ జాగ్రత్త విలువ మూడు దశాబ్దాల తర్వాత బయటపడింది. సంజయ్ లీలా భన్సాలీ తీసిన పద్మావతి కథ మీద దేశమంతా గొడవలు రేగి, సినిమా పేరే 'పద్మావత్'గా మారి 2018 జనవరిలో విడుదలైంది. అదే కథ 1980ల చివర్లో ప్రభుత్వ టీవీలో ఇంటింటికీ వెళ్లినప్పుడు ఇంత రగడ లేదని అప్పుడు చాలామంది గుర్తుచేసుకున్నారు. కాలం మారిందన్నది ఒక కారణం. చూపించిన తీరు మరో కారణం.

మెచ్చుకోలు ఒక్కటే చాలదు

లోపాలు లేవని కాదు. ఈ రోజు చూస్తే నడక నెమ్మది. కొన్ని యుద్ధాలు పదిమంది సైనికులతో ముగిసిపోతాయి. అతికించిన మీసాలు అక్కడక్కడా అబద్ధం చెప్పలేకపోతాయి. దక్షిణాది రాజులు, తమిళ కవులు అంతా ఒకే హిందీ మాట్లాడతారు.

తెలుగువాడిగా చూస్తే ఇంకో వెలితి. చోళులకూ, సంగం కాలానికీ, విజయనగరానికీ చోటు దొరికింది కానీ శాతవాహనులకు, కాకతీయులకు విడిగా ఒక భాగమంటూ దక్కలేదు. దర్శకుడు మనవాడే అయినా, మూలగ్రంథం నెహ్రూది. ఆయన చూపు ఎక్కువగా గంగా మైదానం మీదే ఆగింది. సీరియల్ ఆ చూపును కాస్త దక్షిణానికి తిప్పింది, పూర్తిగా తిప్పలేకపోయింది. నెహ్రూ దృష్టిలోంచి చరిత్ర చెప్పడం మీద అభ్యంతరాలున్న చదువరులూ ఉన్నారు. వాళ్లూ చూడదగ్గ సీరియలే ఇది. ఎవరి కళ్లతో చూపిస్తున్నదీ ప్రతి భాగంలోనూ నెహ్రూనే నిలబెట్టి చెబుతుంది కాబట్టి విభేదించడం కూడా సులువు.

బెనెగల్ ఈ పద్ధతిని వదిలిపెట్టలేదు. ఎనభయ్యో ఏట, 2014లో రాజ్యసభ టీవీకి 'సంవిధాన్' తీశారు. రాజ్యాంగ రచన మీద పది భాగాలు. అంబేడ్కర్‌గా సచిన్ ఖేడేకర్, గాంధీగా నీరజ్ కబి, నెహ్రూగా దలీప్ తాహిల్, ఆజాద్‌గా టామ్ ఆల్టర్. రచన మళ్లీ శమా జైదీ, అతుల్ తివారీలదే. పాతికేళ్ల తర్వాత కూడా అదే రాతబల్ల.

ఆ జట్టులో చాలామంది ఇప్పుడు లేరు. మూర్తి 2014లో, ఓం పురి 2017లో, భాటియా 2021లో వెళ్లిపోయారు. 2024 డిసెంబరు 23న, తొంభయ్యో పుట్టినరోజు జరుపుకున్న తొమ్మిది రోజులకు బెనెగల్ కూడా వెళ్లిపోయారు.

మనకూ ఒకటి కావాలి

తెలుగు చానళ్లకు డబ్బు లేదా? ఉంది. సెట్లు వేసే నేర్పు లేదా? ప్రపంచంలోనే పెద్ద స్టూడియో మన ఊళ్లోనే ఉంది, దాన్ని గీసింది ఈ సీరియల్ కళా దర్శకుడే. గ్రాఫిక్స్‌లో హైదరాబాద్ పేరు దేశమంతా వినిపిస్తోంది. నటులా? సురభి నుంచి విశ్వవిద్యాలయ రంగస్థల శాఖల దాకా వేషం మార్చగలవాళ్లు బోలెడుమంది. లేనిదల్లా శాసనాలు చదివినవాళ్లనూ కథ రాసేవాళ్లనూ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, కాస్త సమయమిచ్చే నిర్మాత. అమరావతి స్తూపం, రుద్రమ చందుపట్ల శాసనం, హంపీ రాయల కొలువు, గోల్కొండ వజ్రాల బేరం, నిజాం రాజ్యంలో రైతుల తిరుగుబాటు... ఒక్కో అంశం మీద ఒక్కో భాగం తీసినా యాభై తేలిగ్గా దాటుతాయి. చానళ్లు ముందుకు రాకపోతే రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు, దూరదర్శన్ కలిసి పూనుకోవాలి. రోజూ ప్రసారమయ్యే సీరియళ్ల మీద పెట్టే ఖర్చులో కొంత చాలు.

ఈలోగా పాఠకులకు ఓ మాట. ప్రసార భారతి 'భారత్ ఏక్ ఖోజ్'ను యూట్యూబ్‌లో ఉంచింది, పైసా ఖర్చు లేదు. మొదటి భాగం, ఆపై అశోకుడు, విజయనగరం, అక్బర్, శివాజీ భాగాలు ముందు చూడండి. ఇంట్లో హైస్కూలు పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. ప్రతి భాగం అయ్యాక ఆ రోజు ఓం పురి ఎవరి వేషం కట్టాడో వాళ్లనే చెప్పమనండి. పాఠ్యపుస్తకంలో విసుగ్గా చదివిన పేర్లు వాళ్లకు మనుషులై గుర్తుంటాయి.